గుంటూరు, విజయవాడ దారులు: ఏ రోడ్డు ఎవరి ఖాతాలో?

2023 జులై ఆఖరులో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్ రోడ్డు మీదికి వచ్చేసింది. నాలుగు వరుసల జాతీయ రహదారి నీళ్లలో మునిగితే లారీలు, బస్సులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అప్పుడు బండ్లను మళ్లించిన దారి చూడండి: నార్కెట్‌పల్లి దగ్గర పక్కకు తిరిగి మిర్యాలగూడ, వాడపల్లి వంతెన, దాచేపల్లి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు, అక్కడి నుంచి విజయవాడ. మామూలు రోజుల్లో పల్నాడు సిమెంటు లారీలకు, సున్నపురాయి టిప్పర్లకు తప్ప మిగతావాళ్లకు పెద్దగా పట్టని దారి అది. పెద్ద రోడ్డుకు జబ్బు చేస్తే మోసింది అదే. 2024 సెప్టెంబరు వరదల్లోనూ హైదరాబాద్ రోడ్డు మళ్లీ తెగింది.

ఆ మళ్లింపు దారిలో ఎక్కువ భాగం రాష్ట్ర రహదారులదే. మన రెండు ఊళ్ల చుట్టూ ఇలాంటి దారులు బోలెడు. కానీ ఏది రాష్ట్రానిది, ఏది కేంద్రానిది, ఏది జిల్లాది, ఏది జలవనరుల శాఖది అని అడిగితే రోజూ ఆ రోడ్డు మీదే తిరిగేవాళ్లు కూడా తడుముకుంటారు. తప్పు వాళ్లది కాదు. బండి తోలేవాడికి తారు తారే. తేడా అంతా కాగితం మీదే ఉంటుంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. రాష్ట్ర రహదారి అంటే ఒక రకం రోడ్డు కాదు. ఇన్ని అడుగుల వెడల్పు ఉంటే రాష్ట్రానిది, అంతకు మించితే కేంద్రానిది అనే లెక్క ఎక్కడా లేదు. రెండు వరుసల జాతీయ రహదారులున్నాయి, నాలుగు వరుసల రాష్ట్ర రహదారులూ ఉన్నాయి. గుంత పడితే పూడ్చే డబ్బు ఏ పద్దులోంచి రావాలో చెప్పేదే ఆ హోదా.

ఈ పద్దుల విభజన రాజ్యాంగంలోనే ఉంది. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలోని 23వ అంశం ప్రకారం, పార్లమెంటు చట్టం కింద జాతీయ రహదారిగా ప్రకటించినవి మాత్రమే కేంద్రానివి. మిగతా రోడ్లు, వంతెనలు, రేవులు రాష్ట్ర జాబితాలోని 13వ అంశం కిందికి వస్తాయి. అంటే మామూలుగా పుట్టిన ప్రతి రోడ్డూ రాష్ట్రానిదే. ఢిల్లీలో గెజిట్ అచ్చయిన రోజున మాత్రమే అది చేయి మారుతుంది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ఇచ్చిన అధికారం అది.

అంతకు ముందు కథ ఇంకా పాతది. కంపెనీ రోజుల్లో మద్రాసు నుంచి ఉత్తరానికి, కలకత్తా వైపు సాగిన ట్రంకు రోడ్డే మన ప్రాంతానికి వెన్నెముక. గుంటూరు నడిబొడ్డున ఉన్న జీటీ రోడ్డు పేరు ఆ కాలం గుర్తే. పెద్ద రోడ్లు పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ చూసేది. చిన్నవాటిని 1871 లోకల్ ఫండ్ చట్టంతో స్థానిక బోర్డులకు, 1884 చట్టం తర్వాత జిల్లా బోర్డులకు అప్పగించారు. జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చినా ఆ గీత చెరగలేదు. ఇవాళ ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఒకటి, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ ఇంకొకటి అని రెండు శాఖలు రోడ్లు చూస్తున్నాయంటే మూలం అక్కడుంది.

1943లో రాష్ట్రాల చీఫ్ ఇంజినీర్లు నాగపూర్‌లో కూర్చుని దేశమంతటికీ ఒకే వర్గీకరణ గీశారు. జాతీయ రహదారులు, ప్రావిన్షియల్ రహదారులు (ఇవే తర్వాత రాష్ట్ర రహదారులయ్యాయి), జిల్లా ప్రధాన రోడ్లు, ఇతర జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు. రాష్ట్ర రహదారి పని జిల్లా కేంద్రాలను, ముఖ్య పట్టణాలను ఒకదానితో ఒకటి కలపడం, వాటిని జాతీయ రహదారికి, పక్క రాష్ట్రానికి చేర్చడం. ఎనభై ఏళ్లు దాటినా ఆ చట్రంలోనే ఉన్నాం.

ఈ వరుస రోడ్డు పక్కనే రంగుల్లో కనిపిస్తుంది. కిలోమీటరు రాయి తల పసుపు రంగుదైతే జాతీయ రహదారి. ఆకుపచ్చదైతే రాష్ట్ర రహదారి. నలుపో నీలమో అయితే జిల్లా రోడ్డు. నారింజ రంగైతే గ్రామీణ రోడ్డు. కొత్తగా నాలుగు వరుసలేసిన చోట రాళ్ల బదులు పెద్ద పెద్ద బోర్డులు వచ్చాయి కానీ, పొన్నూరు వైపో సత్తెనపల్లి వైపో వెళ్తే రాళ్లు ఇంకా కనిపిస్తాయి. వాటికి రంగు వేసి ఎన్నేళ్లయిందన్నది వేరే సంగతి.

ఇక నంబర్లు. గందరగోళం అసలు ఇక్కడే ఉంది. విజయవాడలో పుట్టి పెరిగిన నడివయసు మనిషిని అడిగితే చెన్నై–కోల్‌కతా దారిని ఐదో నంబరనీ, హైదరాబాద్–బందరు దారిని తొమ్మిదో నంబరనీ అంటాడు. 2010లో కేంద్రం దేశంలోని జాతీయ రహదారులన్నిటికీ కొత్త నంబర్లిచ్చింది. ఐదు పదహారైంది, తొమ్మిది అరవై ఐదైంది. భద్రాచలం, జగదల్‌పూర్ వైపు వెళ్లే 221, ముప్పైలో కలిసిపోయింది. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో మొదలయ్యే ఆ ముప్పయ్యో నంబరు దారి దేశం సగం దాటి వచ్చి మన ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. ఇబ్రహీంపట్నం రింగు దగ్గర టీ తాగేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరుంటారో!

కొత్త నంబర్ల వెనక ఒక లెక్క ఉంది, పట్టుకుంటే సులువు. ఉత్తర దక్షిణాలుగా సాగే దారులకు సరి సంఖ్యలు, తూర్పు నుంచి పడమరకు వచ్చేకొద్దీ పెరుగుతాయి. తూర్పు తీరాన మన 16, దేశం మధ్యలో శ్రీనగర్–కన్యాకుమారి దారి 44, పడమటి తీరాన 66. తూర్పు పడమరలుగా సాగేవాటికి బేసి సంఖ్యలు, ఉత్తరం నుంచి దక్షిణానికి దిగేకొద్దీ పెరుగుతాయి. పుణె నుంచి మచిలీపట్నం దాకా వచ్చే 65 ఆ లెక్కే. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక సరి, ఒక బేసి అడ్డంగా కోసుకుంటాయి. దేశపటం మీద ఊరెక్కడుందో ఆ రెండు అంకెలే చెప్పేస్తాయి.

మూడంకెలున్నవి కొమ్మలు. చివరి రెండంకెలు తల్లి దారివి. కత్తిపూడి నుంచి కాకినాడ, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరే తీరం దారి 216, అంటే పదహారు నుంచి పుట్టి పదహారులోనే కలిసే కొమ్మ. పామర్రు నుంచి పాలకొల్లు వైపు పోయేది 165, అంటే అరవై ఐదు కొమ్మ. అనంతపురం నుంచి తాడిపత్రి, గిద్దలూరు, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు చేరేది 544డి. గుంటూరు దాకా వచ్చిన దారికి నలభై నాలుగుతో చుట్టరికం ఏమిటని అనిపిస్తుంది. రెండో చివర అనంతపురంలో నలభై నాలుగునే తాకుతుంది కాబట్టి. పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాల మీదుగా ఓడరేవు చేరే 167ఎకి తల్లి దారి 67.

రాష్ట్ర రహదారుల నంబర్లలో ఇంత క్రమం వెతక్కండి, దొరకదు. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్‌ను మధ్యలో పెట్టుకుని వేసిన నంబర్లు అవి. ఒకటో నంబరు హైదరాబాద్–కరీంనగర్–రామగుండం రాజీవ్ రహదారిది. 2014 జూన్ 2 తర్వాత అది పూర్తిగా తెలంగాణలో ఉండిపోయింది. రెండో నంబరుతో పిలిచే నార్కెట్‌పల్లి–అద్దంకి దారి మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. వాడపల్లి వంతెనకు అవతల తెలంగాణ, ఇవతల పొందుగుల చెక్‌పోస్టు దగ్గర నుంచి మనది. అద్దంకి దాటి మేదరమెట్ల దగ్గర పదహారులో కలుస్తుంది. దీన్ని ప్రైవేటు భాగస్వామ్యంతో నాలుగు వరుసలు చేసి టోలు పెట్టారు. రాష్ట్ర రహదారికి టోలేమిటని అడిగేవాళ్లకు జవాబు కూడా ఇదే. టోలుకు, హోదాకు సంబంధం లేదు. కట్టినవాడు పెట్టుబడి రాబట్టుకునే ఒప్పందం ఉంటే ఏ రోడ్డు మీదైనా గేటు పడుతుంది.

జనం మాత్రం ఏ నంబరూ వాడరు. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు, గుంటూరులో అమరావతి రోడ్డు, నందివెలుగు రోడ్డు, ఏటుకూరు రోడ్డు. ఏ ఊరు వైపు పోతే ఆ ఊరి పేరు. నన్నడిగితే ఇంతకంటే పనికొచ్చే పద్ధతి ఇంకోటి లేదు. ఫిర్యాదు రాసేటప్పుడు తప్ప.

పేర్లు, నంబర్లు అలా ఉంచి అసలు ఈ దారులు ఇక్కడే ఎందుకు పడ్డాయో చూద్దాం. కృష్ణా నదిని, కాలువలను, నల్లరేగడిని తెలుసుకుంటే మన రోడ్ల పటం సగం అర్థమైపోతుంది.

ముందు నది. 1852లో మొదలుపెట్టి 1855కి ముగించిన ఆనకట్ట నీటి కోసం కట్టింది, బండ్ల కోసం కాదు. 1893లో రైలు వంతెన వచ్చింది. రోడ్డుకు మాత్రం చాలాకాలం దిక్కులేదు. 1952 వరదలో పాత ఆనకట్ట తెగిపోయాక దాని ఎగువన కొత్త బ్యారేజీ కట్టి పైన రోడ్డు వేశారు. 1957 డిసెంబరులో ప్రకాశం బ్యారేజీ తెరుచుకోవడంతో గుంటూరు వైపు నుంచి వచ్చే మద్రాసు దారి ఏ అడ్డూ లేకుండా బెజవాడలోకి వచ్చింది. బ్యారేజీ దిగి ఊళ్లోంచి ఏలూరు రోడ్డు పట్టుకోవాల్సిందే. 1990లలో దిగువన కనకదుర్గమ్మ వారధి వచ్చాకే లారీలు ఊరి నడిబొడ్డు తప్పించుకున్నాయి. ఇప్పుడు బ్యారేజీ మీదికి భారీ వాహనాలను రానివ్వరు.

వారధి దాటి దిగువకు వెళ్తే పెనుమూడి–పులిగడ్డ వంతెన దాకా కృష్ణ మీద ఇంకో రోడ్డు వంతెన లేదు. రేపల్లె వైపువాళ్లు ఎదురుగా కనిపించే దివిసీమకు వెళ్లాలన్నా, ఆ వంతెన వచ్చేదాకా పడవ ఎక్కాలి, లేదంటే విజయవాడ చుట్టి రావాలి. రెండు జిల్లాల రోడ్లన్నీ గరాటులో పోసినట్టు విజయవాడకే ఎందుకు దిగుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. ఊళ్లోకి దిగకుండా తప్పించే విజయవాడ పడమటి బైపాస్ చినఅవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా నది దాటి కాజ చేరే దాదాపు 48 కిలోమీటర్ల దారి. అందులో ముఖ్యమైనది కృష్ణ మీద వేసిన మూడు కిలోమీటర్ల పైచిలుకు వంతెనే.

తర్వాత కాలువలు. ఆర్థర్ కాటన్ దృష్టిలో డెల్టా కాలువ సాగునీటికి ఎంతో, పడవకూ అంతే. ఆ రోజుల్లో ధాన్యం పడవ మీదే కదిలేది. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువను కలుస్తుంది కాబట్టి ఇక్కడ పడవెక్కిన సరుకు మద్రాసు దాకా పోయేది. జలమార్గం ఉండగా డెల్టాలో మంచి రోడ్డు కావాలని ఎవరికీ అంత తొందర లేదు. వేసినప్పుడు ఎక్కడ వేశారు? కాలువగట్టు మీదే. పల్లపు పొలాల మధ్య ఎత్తుగా, గట్టిగా, ముందే సర్కారు చేతిలో ఉన్న నేల అదొక్కటే. అందుకే కృష్ణా డెల్టాలో, తెనాలి చుట్టుపక్కల, కాలువ ఎటు తిరిగితే రోడ్డు అటు తిరుగుతుంది.

ఆ చవక పని ఫలితం ఇప్పటి ఇంజినీర్లు అనుభవిస్తున్నారు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పంట బోదె, మధ్యలో ఏడు మీటర్ల తారు. వెడల్పు చేద్దామంటే రెండు పక్కలా చోటు లేదు. రిటైనింగ్ గోడ కట్టాలి, లేదా పొలాల్లోంచి కొత్త దారి తియ్యాలి. కాలువ కట్టేసి నీరు తగ్గినప్పుడు గట్టు జారి బెర్ము (తారు పక్కనుండే మట్టి అంచు) తెగుతుంది. పైగా గట్టు జలవనరుల శాఖది, పైన తారు ఆర్ అండ్ బీది. బెర్ము పోతే ఎవరు పూడ్చాలన్న ఉత్తరాలు రెండు శాఖల మధ్య తిరుగుతూనే ఉంటాయి. ఉండవల్లి కరకట్ట మీద పోయేది కూడా చూడటానికి రోడ్డే. నిజానికది వరద ఆపే కట్ట. ప్రకాశం బ్యారేజీ కూడా అంతే, రోజూ దాని మీద రెండు ఊళ్లూ కలుస్తాయి, బాగోగులు మాత్రం జలవనరుల శాఖవి.

మెట్ట వైపు వెళ్తే కథ వేరు. గుంటూరు దాటి పడమరకు సాగితే నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. కింద మట్టి ఊపిరి పీల్చి వదులుతుంటే పైన తారు ఎన్నాళ్లు నిలుస్తుంది? గట్టి గ్రావెల్ పొర వేసి, నీరు నిలవకుండా పక్క కాలువ తీసి, అప్పుడు కంకర వెయ్యాలి. ఆ ఖర్చు తగ్గించుకుని పైపైన తారు పూస్తే రెండు వానాకాలాలకే రోడ్డు అలలు తేలుతుంది. దానిమీద సున్నపురాయి, సిమెంటు, క్వారీ రాయి లోడు లారీలు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాది పడ్డాక మాచర్ల వైపు దారికి కదలిక వచ్చింది. తర్వాత సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. రోడ్డును పెంచిందీ బరువే, విరగ్గొట్టిందీ బరువే.

ఇక ఈ ఇరవై ఏళ్లుగా నడుస్తున్న తంతు: రాష్ట్ర రహదారులు ఒక్కొక్కటే జాతీయ రహదారులు కావడం. నరసరావుపేట–వినుకొండ దారి అలా మారిందే. పెడన నుంచి గుడివాడ, హనుమాన్ జంక్షన్, నూజివీడు మీదుగా విస్సన్నపేట వైపు పోయే దారి ఇప్పుడు 216హెచ్. ఎంపీ ఢిల్లీ వెళ్లి వినతిపత్రం ఇచ్చిన ఫొటో పేపర్లో పడిందంటే సగం సార్లు విషయం ఇదే. హోదా మారితే ఖర్చు కేంద్రానిది, రాష్ట్ర ఖజానాకు ఊరట. అభ్యంతరం ఏముంటుంది?

చిక్కు మధ్యకాలంలో ఉంది. కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుని గెజిట్ ఇవ్వకుండా ఉంచిన రోడ్డు ఇటూ అటూ కాకుండా పోతుంది. ఎలాగూ కేంద్రానికి పోయేదే కదా అని ఇక్కడ పెద్ద పనులు పెట్టరు, ఇంకా మనది కాలేదు కదా అని అక్కడ నిధులు రావు. నా లెక్కలో ప్యాచ్ వర్కుతో ఏళ్లు గడిపే రోడ్లకు కాంట్రాక్టరు కంటే ఈ ఇటూ అటూ కాని హోదాయే ఎక్కువ చేటు చేస్తుంది.

గెజిట్ వచ్చాక కూడా ఎన్‌హెచ్‌ఏఐ (కేంద్రం జాతీయ రహదారుల సంస్థ) వాళ్లే వచ్చి చూస్తారని అనుకోకండి. 1988 చట్టంతో ఏర్పడి, 1995లో పని మొదలుపెట్టిన ఆ సంస్థ, తన చేతికి అప్పగించిన దారులను మాత్రమే చూస్తుంది. మన 16, 65 అలాంటివి. మిగిలినవి కేంద్రం డబ్బుతో రాష్ట్ర ఆర్ అండ్ బీలోని జాతీయ రహదారుల విభాగమే నడిపిస్తుంది. కాబట్టి రోడ్డు ఢిల్లీదైనా ఫైలు కదిపే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) మన ఊళ్లోనే ఉంటాడు. వెనక్కి వచ్చే దారి కూడా ఉంది. బైపాస్ పడితే ఊళ్లోంచి పోయే పాత ముక్కను కేంద్రం ఒక్కసారి బాగుచేయించి రాష్ట్రానికి అప్పగిస్తుంది. ఆ తర్వాత గుంతలన్నీ ఇక్కడి ఖాతాలోనే.

ఆ ఖాతాలోకి డబ్బు ఎక్కడిది? దీని మూలం కూడా పాతదే. మోటారు బండ్లు పెరిగాక 1927లో జయకర్ కమిటీ వేశారు. దాని సిఫారసుతో 1929లో పెట్రోలు మీద గాలనుకు రెండణాల అదనపు సుంకం వేసి కేంద్ర రోడ్డు నిధి పెట్టారు. 2000లో దానికి కొత్త చట్టం వచ్చింది. ఇప్పుడది రోడ్లకే కాక ఇతర మౌలిక వసతులకూ పోతోంది, రాష్ట్ర రోడ్లకూ కొంత వాటా ఉంది. ఇది కాక రాష్ట్రం 2020 సెప్టెంబరులో లీటరు పెట్రోలుకు, డీజిలుకు రూపాయి చొప్పున రోడ్డు సెస్సు మొదలుపెట్టింది. ఆ సొమ్ము రోడ్డు అభివృద్ధి కార్పొరేషన్‌కు వెళ్లాలి. అంటే మీరు బంకులో పోయించుకునే ప్రతి లీటరులోనూ ఢిల్లీ రోడ్డుకు కొంత, రాష్ట్ర రోడ్డుకు కొంత ముందే కట్టేస్తున్నారు. ఆపైన కాజ దగ్గర టోలు.

ఫిర్యాదు చెయ్యాలంటే ముందు రాయి రంగు చూడండి. పసుపైతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోను. ఆకుపచ్చయితే ఆర్ అండ్ బీ డివిజన్ ఈఈ. నారింజయితే పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు). ఊళ్లో మున్సిపల్ రోడ్డయితే కార్పొరేషన్. గట్టు మీద అయితే మొదట జలవనరుల శాఖనే అడగండి. "ఫలానా ఊరు దాటాక పెద్ద గుంత" అని రాస్తే కాగితం తిరిగి తిరిగి చెత్తబుట్టలో పడుతుంది. రాయి మీద కిలోమీటరు నంబరు, దాని నుంచి ఎన్ని మీటర్లో రాయండి. బిల్లులు, టెండర్లు అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి కనుక, ఆ ముక్కకు కిందటిసారి బిల్లు ఎప్పుడు పెట్టారో సమాచార హక్కు కింద అడగడానికి కూడా అదే పనికొస్తుంది.